తొట్టి ఎన్ని అడుగులు? సీట్లు ఎన్ని?

పత్తి, మిర్చి ఊళ్లలో పికప్ బండి కొనేవాళ్లు వేసుకోవాల్సిన లెక్క

"ఎన్ని టిక్కీలు పడతాయి?"

పర్చూరు, పెదనందిపాడు, సత్తెనపల్లి, దర్శి వైపు నుంచి పికప్ కొనడానికి వచ్చిన రైతు షోరూములో ముందు అడిగే మాట ఇదే. ఇంజను, మైలేజీ ఆ తర్వాతి సంగతి. అమ్మే కుర్రాడు కూడా ఈ నేల మీద పుట్టినవాడే కాబట్టి టన్నుల ఊసెత్తడు. "యాభై తేలిగ్గా పడతయ్యండీ, తాడు బిగించి కడితే అరవై" అంటాడు. రైతు తలూపుతాడు. ఆర్సీలో రాసి ఉండే బరువు ఆ మాటల్లో ఎక్కడా రాదు.

రాస్తే లెక్క ఇలా ఉంటుంది. మిర్చి టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 నుంచి 45 కిలోలు తూగుతుంది. 45 కిలోల చొప్పున చూస్తే, 750 కిలోలు మోసే టాటా ఏస్‌కి 16 టిక్కీలు. టన్నూ మూడొందల కిలోలు మోసే బొలెరో పికప్‌కి 28. టన్నూ ఏడొందల కిలోల పొడుగు తొట్టి బండికి 37. చట్టం ఒప్పుకునేది అంతవరకే. ఆ పైన పడేవన్నీ కమాన్ పట్టీలు, టైర్లు, బ్రేకులు భరించే టిక్కీలు. ఎండుమిర్చి చూడ్డానికి గాలి సరుకులా ఉంటుంది. గోతంలో వేసి కాళ్లతో తొక్కి కుట్టాక గాలి పోతుంది, బరువు మిగులుతుంది. పైగా టిక్కీ మీద టిక్కీ ఎంత ఎత్తుకైనా నిలబడుతుంది. అందుకే తొట్టి ఒక అడుగు పొడుగైతే చాలు, బండికి ఒక టన్ను బలం వచ్చినట్టు అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ.

తొట్టి పొడవు వేరు, మోసే శక్తి వేరు. ఈ రెండూ కలిసి ఉండాల్సిన పనేమీ లేదు. వీటికి మూడోది క్యాబిన్. ముందు ఇద్దరో ముగ్గురో కూర్చునే సింగిల్ క్యాబినా, వెనక ఇంకో వరస సీట్లుండే డబుల్ క్యాబినా? ఈ మూడింటిని విడివిడిగా చూడకుండా లక్షలు పోసి బండి కొన్నవాళ్లు మన మండలాల్లో ఊరికి నలుగురుంటారు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఏడాదిలో కొద్ది నెలలే ఉండే మిర్చి సీజన్‌ని చూసి బండి సైజు తేల్చుకోకూడదు. మిగతా నెలలన్నీ ఆ బండి దేన్ని మోస్తుందో దాన్ని చూసి తేల్చుకోవాలి.

యార్డు ప్రయాణానికి పికప్ ఎందుకు?

ఐదెకరాల మిర్చి వేసిన రైతుని తీసుకోండి. ఎకరానికి 20 క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. మొత్తం 100 క్వింటాళ్లు, అంటే 10 టన్నులు, 220 పైచిలుకు టిక్కీలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు కిటకిటలాడుతుంది. ఆ రోజుల్లో ఈ సరుకంతా దర్శి దగ్గర్నుంచి టన్నూ మూడొందల పికప్‌లో తోలాలంటే ఎనిమిది ట్రిప్పులు. రానూ పోనూ ఒక్కో ట్రిప్పు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. అదే ఒక లారీ మాట్లాడుకుంటే ఒక్క రాత్రితో సరి. సొంత బండి ఉన్న రైతు కూడా చివరికి చేసేది అదే. ఇరుగు పొరుగు నలుగురి టిక్కీలు కలిపి లారీకెత్తుతాడు, తాను మాత్రం పికప్‌లో వెనకాలే వెళ్లి కమీషన్ కొట్టు దగ్గర దిగుతాడు. యార్డుకి సరుకు మోస్తుందని కొన్న బండి యార్డుకి మనిషిని మోస్తుంది.

2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకి 11,781 రూపాయలు ఖాయం చేసిన రోజులు గుర్తున్నాయిగా. ఆ ధరకి 45 కిలోల టిక్కీ 5,300 రూపాయలు. అలాంటి ఏడాది కిరాయిలో టిక్కీకి పది రూపాయలు మిగిలినా రైతుకి పట్టింపే. ఎనిమిది ట్రిప్పుల డీజిలుతో మిగిలేది మాత్రం ఏమీ ఉండదు.

పికప్ పని వేరే చోట ఉంది. చేలో కోసిన పండుకాయ కల్లానికి చేర్చడం, కల్లం నుంచి టిక్కీలు దగ్గర్లోని కోల్డ్ స్టోరేజీకి చేర్చడం, తాలు విడిగా తోలుకుపోవడం, వానొస్తుందని కబురు రాగానే బరకాలు తీసుకుని పరిగెత్తడం. ఇవన్నీ పది పదిహేను కిలోమీటర్ల లోపు పనులు. వీటికి పదడుగుల తొట్టి అక్కర్లేదు, తక్కువ చోటులో తిరిగే బండి కావాలి.

పత్తిది ఇంకో లెక్క

మిర్చి బరువుతో బండిని పడగొడితే పత్తి ఎత్తుతో పడగొడుతుంది. ఎనిమిదడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో పక్క డోర్ల అంచు దాకా విడి పత్తి పోస్తే, తొక్కకుండా, రెండు క్వింటాళ్లకు అటూ ఇటుగా పడుతుంది. బండి మోయగలిగిన దాంట్లో అది ఆరో వంతు. అందుకే బోరేలకెత్తుతారు, లేదా చుట్టూ ఇనుప పైపుల చట్రం బిగించి, పట్టా కట్టి, మనుషులు లోపల దిగి తొక్కుతారు. జిన్నింగు మిల్లు గేటు దగ్గర వరసలో నిలబడిన బండ్లని చూస్తే కొన్నింటికి చక్రాలు తప్ప ఏమీ కనపడవు. సరుకు పక్కలకీ వెనక్కీ పొడుచుకొచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, దించే ఖర్చు అదనం. ఊరి వీధుల్లో కిందికి వేలాడే కరెంటు తీగలు జరిమానాతో సరిపెట్టవు.

కాబట్టి పత్తి రైతుకి తొట్టి పొడవు నిజంగానే అక్కరకొస్తుంది. మోసే శక్తి కాదు. టన్నున్నా చాలు, చోటు కావాలి. మిర్చి రైతుకి ఇది సరిగ్గా తిరగబడుతుంది. రెండూ వేసేవాళ్లే మన దగ్గర ఎక్కువ కనుక బేరం ఎప్పుడూ మధ్యలోనే తెగుతుంది: ఎనిమిది, తొమ్మిదడుగుల తొట్టి, టన్నూ మూడొందల నుంచి టన్నున్నర.

ఈమధ్య ఇంకో సంగతి తోడైంది. భారత పత్తి సంస్థ 2025 సీజన్ నుంచి 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాటు పెట్టింది. ఆ సీజన్‌కి మద్దతు ధర పొడవు పింజకి క్వింటా 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే తీసుకోరు, 8 శాతం దాటితే ధర తగ్గిస్తారు. స్లాటు వచ్చిన రోజున, తేమ ఎక్కకుండా, ఉన్న సరుకు కొనుగోలు కేంద్రానికి చేరాలి. ఊరంతా కలిసి లారీ మాట్లాడుకునే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఒక్కొక్కరి స్లాటు ఒక్కో రోజు. చేతిలో చిన్న బండి ఉన్నవాడికి కలిసొచ్చే చోటు ఇది.

ఏస్ రాకముందు, వచ్చాక

మన దేశంలో టాటాల తొలి పికప్ టాటామొబైల్. 1988లో వచ్చింది. ఆ రోజుల్లో అది ఊళ్లోకొస్తే ఎవరో కంట్రాక్టరు వచ్చాడని పిల్లలు వెంటపడేవాళ్లు. రైతు దగ్గర ఉన్నది ఎడ్ల బండి, ఆ పైన ట్రాక్టరు. రెంటికీ మధ్య ఖాళీని 2005 మేలో వచ్చిన టాటా ఏస్ నింపింది. రెండు సిలిండర్ల చిన్న డీజిలింజను, 3.8 మీటర్ల పొడవు, ఏడడుగుల తొట్టి. ఆటో తోలే కుర్రాళ్లు వాయిదాల మీద కొనుక్కుని ఓనర్లయ్యారు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంబాతిక మోస్తానని వచ్చింది. 2019లో టాటాలే ఇంట్రా తెచ్చారు. మహీంద్రా బొలెరో పికప్ ఎనిమిదడుగులతో మొదలై తొమ్మిది, పది దాకా సాగింది. 2022లో వచ్చిన యోధా 2.0 ఏకంగా రెండు టన్నులు మోస్తానంది.

రేషన్ బండ్లు కూడా ఈ కథలోవే. 2021 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి రేషన్ కోసం 9,260 మినీ ట్రక్కులు దింపింది. ఏస్‌లూ మారుతి సూపర్ క్యారీలూ. వెనక తొట్టి తీసి పెట్టె బాడీ కట్టారు. 2025 జూన్ నుంచి రేషన్ మళ్లీ దుకాణాల్లోకి వెళ్లింది. ఒక పనికే కుదిరేలా కట్టిన బాడీ ఆ పని పోతే ఎటూ కాకుండా పోతుంది. చాసిస్ కొని బయట బాడీ కట్టించుకుందామనుకునేవాళ్లు, విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరే ముందు, ఒకసారి ఆ పెట్టె బండ్లని తలుచుకోవాలి.

తొట్టి నేల ఎంత ఎత్తు?

షోరూములో ఎవరూ అడగని ప్రశ్న ఇది. అడగాల్సింది హమాలీ. కోల్డ్ స్టోరేజీ దగ్గర ఎక్కుమతి చూడండి. ఇద్దరు కింద నిలబడి టిక్కీ చెవులు పట్టుకుని లేపుతారు, మూడోవాడు వీపు మీద వేసుకుని నాలుగడుగులు నడిచి, తొట్టి అంచుకి వీపు ఆనించి వదిలేస్తాడు. పైనున్నవాడు కొక్కెంతో లాక్కుని పేరుస్తాడు. తొట్టి నేల నడుమెత్తులో ఉంటే ఈ పని నీళ్లు తాగినంత సులువు. భుజమెత్తు అయితే ప్రతి టిక్కీకీ ఒక మూలుగు. ఏస్ లాంటి చిన్న చక్రాల బండిలో నేల కిందకి ఉంటుంది. బొలెరో పికప్‌లో చక్రాల పైన చదునుగా పలక వేస్తారు కాబట్టి కాస్త ఎత్తు. ఎత్తైనా లోపల అడ్డం ఏమీ ఉండదు, మూడు వైపులా డోర్లు దించితే మూడు వైపుల నుంచీ ఎక్కించొచ్చు.

ఇసుజు వి-క్రాస్ లాంటి షోకు పికప్‌లది వేరే తీరు. తొట్టి లోతైన తొట్టె. పక్క గోడలు దిగవు, వెనక డోరు ఒక్కటే తెరుచుకుంటుంది, లోపల రెండు వైపులా చక్రాల గుబ్బలు. పొడవు ఐదడుగులకు అటూ ఇటూ. సామాన్లు, సూటుకేసులు పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. టిక్కీ మాత్రం గోడ మీదుగా లేపి వేయాల్సిందే. హమాలీ ఒకసారి దాని వంక, ఒకసారి మీ వంక చూస్తాడు. కూలి రేటు అక్కడే మారిపోతుంది.

తొట్టి సైజుని తేల్చే సరుకులు ఇంకా కొన్ని ఉన్నాయి. డీఏపీ 20 బస్తాలంటే టన్ను. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే, అది 22 బస్తాలకి టన్ను. మందు కొట్టడానికి చేలోకి నీళ్లు తోలే వెయ్యి లీటర్ల ట్యాంకు నింపితే సరిగ్గా టన్ను. ఏస్ మీద ఆ ట్యాంకు చక్కగా కూర్చుంటుంది, నింపితేనే ప్రమాదం. నీళ్లు ఊరుకోవు, మలుపులో అటూ ఇటూ కొట్టుకుంటాయి. ప్రకాశం వైపు శనగ రైతుకి తొట్టి అంచు దాకా నిండేసరికే బరువు పరిమితికి చేరిపోతుంది. డ్రిప్పు లాటరల్ చుట్టలు చోటు తింటాయి, బరువుండవు. పీవీసీ గొట్టం పొడవు 20 అడుగులు. దానికి సరిపోయే తొట్టి ఏ కంపెనీ పికప్‌లోనూ లేదు. క్యాబిన్ మీదుగా వెళ్లే ఇనుప స్టాండు వేయించుకోవడమే దారి. గొట్టాల కోసం పది అడుగుల తొట్టి తీసుకుంటే పది అడుగులు బయటే ఉంటాయి.

రెండో వరస

ఈ మాటలు రైతు ఇళ్లలో ఇప్పుడు తరచు వినపడుతున్నవే.

"డబుల్ క్యాబిన్ తీసుకుందాం నాన్నా. అమ్మని ఒంగోలు ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, పిల్లల్ని స్కూల్లో దించాలన్నా ఒకటే బండి."

"తొట్టి ఐదడుగులన్నా లేదు గదరా. టిక్కీలేడ వేస్తావ్, మీ అమ్మ వొళ్లోనా?"

తండ్రి మాట తీసెయ్యలేం. బొలెరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్‌లో వెనక వరస వచ్చినంత మేరా తొట్టి కురచవుతుంది. బండి మొత్తం పొడవు పెంచరు కదా, ఎక్కడో తగ్గించాలి. దాదాపు ఐదడుగులకు పడిపోతుంది. మోసేది టన్నుకి అటూ ఇటూ. వెనక సీటు నిట్టనిలువుగా ఉంటుంది, ఒంగోలు దాకా ఓకే, హైదరాబాద్ దాకా నడుం అడుగుతుంది. కారు సుఖం పూర్తిగా రాదు, పికప్ చోటు పూర్తిగా ఉండదు.

అయినా నా ఓటు చాలా ఇళ్లలో కొడుక్కే. కారణం ఆస్పత్రీ కాదు, స్కూలూ కాదు. మిర్చి కోతలు.

కోతల కాలంలో తెల్లారేసరికి కూలీలు చేలో ఉండాలి. ముఠా మేస్త్రి పంపిస్తానన్న పదిహేను మందిని రైతు తీసుకెళ్లాలి, సాయంత్రం దించాలి. వాళ్లు ఎక్కేది ఎక్కడ? ట్రాక్టరు ట్రక్కులో, ఏస్ తొట్టిలో, పికప్ తొట్టిలో. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోతలకి వెళ్లి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని కొట్టింది. తొమ్మిది మంది పోయారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు బోల్తా పడి నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. మధ్యలో పేపర్లో లోపలి పేజీల్లో రెండు పేరాలతో సరిపెట్టినవి ఎన్నో.

చట్టం సంగతి చాలామంది రైతులకు సగమే తెలుసు. సరుకు బండి బీమా థర్డ్ పార్టీతో పాటు ఇంకొందరిని చూసుకుంటుంది: డ్రైవరు, బండి పనివాళ్లు, 1994 సవరణ తర్వాత సరుకు యజమాని లేదా అతని మనిషి. తొట్టిలో ఊరికే ఎక్కినవాళ్లు దాని కిందికి రారు. వాళ్లకి పరిహారం బీమా కంపెనీ భారం కాదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో, 2004లో బల్జీత్ కౌర్ కేసులో చెప్పేసింది. కంపెనీ చేత ముందు కట్టించినా తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అంటే ఒక్క మలుపులో ఐదెకరాల చేను పోతుంది. పోయిన మనిషి ఇంట్లో పరిస్థితి దానికంటే అన్యాయం, ఎందుకంటే యజమాని దగ్గర లేనిది వాళ్లకెప్పటికీ రాదు.

డబుల్ క్యాబిన్ కొంటే పదిహేను మంది కూర్చోగలరా? లేరు. నలుగురు. ఈ లెక్క దాచిపెట్టి డబుల్ క్యాబిన్‌ని పొగిడితే మోసమే. పదిహేను మందికి ప్యాసింజరు ఆటోలైనా మినీ బస్సైనా మాట్లాడాలి, వాటిలోనూ సీట్లకు మించి ఎక్కించకూడదు. ఆ ఖర్చుని కోత కూలిలో భాగంగా రాసుకోవాలి. కానీ కోతల కాలం ఎన్నాళ్లు? మిగతా ఏడాదంతా చేలోకి రోజూ వెళ్లేది ఇద్దరు ముగ్గురు: మందు కొట్టే కుర్రాడు, కలుపు తీసే అక్క, మోటారు చూసే మనిషి. సింగిల్ క్యాబిన్‌లో డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చుంటే మూడోవాడు తొట్టిలోనే. అలవాటు అక్కడ మొదలవుతుంది. ముగ్గురితో మొదలైనది కోతలప్పుడు ముప్పై అవుతుంది. కోటప్పకొండ తిరునాళ్లకి ఇంటిల్లిపాదీ తొట్టిలో కూర్చుని వెళ్లిన తరం మనది, దాన్ని సరదాగానే గుర్తుపెట్టుకున్నాం. అందుకే ఈ అలవాటు ఎవరికీ తప్పుగా తోచదు.

టిక్కీలకి లారీ కిరాయికి దొరుకుతుంది, పత్తికి ఇంకో బండి దొరుకుతుంది. తెల్లవారుజామున ఐదింటికి చేలోకి వెళ్లే ముగ్గురికి సీట్లున్న బండి అద్దెకి దొరకదు.

డొంకలో బండి

రేగడి నేల ఎండినప్పుడు సిమెంటు రోడ్డు, తడిసినప్పుడు జిగురు. ఊరి డొంక అక్టోబరు వానలకి మోకాలి లోతు బురద అయినప్పుడు, తొట్టి ఖాళీగా ఉన్న పికప్ వెనక చక్రాలు తిరుగుతాయే గానీ బండి కదలదు. వెనక బరువు లేదు, పట్టు లేదు. చాలామంది అనుభవం మీద ఇసుక బస్తాలు రెండు వేసి ఉంచుతారు. క్యాంపర్‌లో, బొలెరో పికప్‌లో నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే రకాలున్నాయి. ధర ఎక్కువ. సాగర్ కాలవ కింద నల్లరేగడిలో రోజూ చేలోకి పోయేవాడికి అది దండగ ఖర్చు కాదు, హైవే పక్కన పొలం ఉన్నవాడికి పూర్తిగా దండగ.

పొడవు కూడా డొంకలోనే తెలుస్తుంది. పాత ఊళ్లలో సందు మలుపు తిరగాలంటే ఏస్‌కి బాధ లేదు. పొడుగు తొట్టి పికప్ ఐదు మీటర్లు దాటుతుంది. వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు ఆడించి, పక్కింటి అరుగు గీరి, ఆ పక్కింటాయనతో రెండు నెలలు మాటల్లేకుండా పోయిన ఇళ్లు నాకు తెలుసు. కొనేముందు మీ ఇంటి ముందు నుంచి డొంక దాకా టేపు పట్టుకుని నడవండి. నవ్వులాట కాదు.

డాలస్ నుంచి కొడుకు ఫోర్డ్ ఎఫ్-150 ఫొటో పంపాడని, అలాంటిది కావాలని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ బండి వచ్చే ఎఫ్-సిరీస్ 1977 నుంచీ అమెరికాలో అమ్మకాల్లో ముందున్న పికప్. మూడు రకాల క్యాబిన్లు, ఐదున్నర, ఆరున్నర, ఎనిమిదడుగుల తొట్లు. అక్కడ ఎనిమిదడుగుల కొలత వడ్రంగి పని నుంచి వచ్చింది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుండే ప్లైవుడ్ షీటు తొట్టిలో పడుకోవాలి. ఇప్పుడు అక్కడి కుటుంబాలు ఎక్కువగా కొనేది నాలుగు తలుపుల క్యాబిన్, కురచ తొట్టి. ప్లైవుడ్ మోసేవాళ్లు తగ్గారు, పిల్లల్ని బేస్‌బాల్‌కి తీసుకెళ్లేవాళ్లు పెరిగారు. వాళ్లూ రోజువారీ బతుకుని చూసే కొలత మార్చుకున్నారు. ఆ బండి పొడవు మాత్రం మన డొంకకి తెచ్చుకోవద్దు.

ఇక బేరానికి కూర్చుంటే

మూడు నాలుగెకరాలు కౌలు చేసేవాళ్లు ఏదీ కొనక్కర్లేదు. వాయిదా నెలనెలా వస్తుంది, మిర్చి ఏడాదికి ఒక్కసారి వస్తుంది. కిరాయి కూడా తోలుకుంటామంటే ఏస్, దానికి డిమాండు ఎప్పుడూ ఉంటుంది, సందుల్లోకి పోతుంది, పాల క్యాన్లకీ కూరగాయలకీ సరిపోతుంది. నర్సరీ నడిపేవాళ్లకి, ఎరువుల కొట్టు ఉన్నవాళ్లకి తొమ్మిదడుగుల సింగిల్ క్యాబిన్‌కి మించింది లేదు. నారు ట్రేలు అరల మీద అరలుగా పెట్టాలి, అక్కడ ప్రతి అడుగూ డబ్బే. సొంత పది పదిహేనెకరాలు, ఇంట్లో పెద్దవాళ్లు, పొలానికి రోజూ ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్నవాళ్లు డబుల్ క్యాబిన్ వైపు చూడాలి, టిక్కీలకి లారీ మాట్లాడుకోవాలి. అన్నీ ఒకే బండితో అయిపోవాలనే పట్టుదల ఉన్నవాళ్లకి చెప్పే సలహా నా దగ్గర లేదు.

కాగితాల దగ్గర మూడు సంగతులు. మొదటిది 3,000 కిలోల గీత. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. టన్నూ మూడొందల పికప్‌లు చాలావరకు ఆ గీతకి కాస్త ఇవతలే ఆగేది ఊరికే కాదు. టన్నూ ఏడొందలకి వెళితే గీత దాటి పర్మిట్ బాపతు తిరుగుడు మొదలవుతుంది. ఆ నాలుగొందల కిలోలు మీకు నిజంగా ఎన్నిసార్లు కావాలో చూసుకోండి. రెండోది లైసెన్సు. 7,500 కిలోల లోపు బండికి మామూలు లైట్ మోటార్ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో అంది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. మీ అబ్బాయి కారు లైసెన్సుతో పికప్ తోలొచ్చు. మూడోది పన్ను. సరుకు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. పాత కొటేషన్ చూపించి బేరమాడేవాళ్లతో జాగ్రత్త.

సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నవాళ్లు వెలుగులో చూడండి. తొట్టి పలక మీద కొత్త రంగు వేసి ఉంటే కింద దూరి చాసిస్ పట్టీలు చూడాలి. వెనక చక్రాల దగ్గర వెల్డింగు అతుకులుంటే ఆ బండి మీద అరవై టిక్కీలు ఎక్కినట్టే. కమాన్ పట్టీల్లో అదనపు ఆకు వేయించి ఉన్నా అదే అర్థం. "బలంగా ఉంటదని వేయించానండీ" అంటాడు అమ్మేవాడు. ఆకు వేస్తే పట్టీ బలపడుతుంది, బ్రేకు బలపడదు. ఆ తర్వాత ఆర్సీ అడగండి. అందులో ఖాళీ బరువు, మొత్తం బరువు, సీట్ల సంఖ్య ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేది మీ సరుకు. మూడోది డ్రైవరుతో కలిపి ఎంతమందో చెబుతుంది. ఆ అంకెని, రోజూ పొద్దున మీ గేటు ముందు బండి కోసం నిలబడేవాళ్లని పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.